జతపనివాని యింట మిగిలిన నూనె

ధ్యాన భాగము: 2 రాజులు 4:1–7

ప్రవక్తల శిష్యులలో ఒకడు మరణించెను. అతని పేరేమో, వయస్సెంతో, ఏ వ్యాధిచేత మరణించెనో లేఖనము తెలుపలేదు. అతడు పలికిన ప్రవచనము ఒక్కటియైనను వ్రాయబడలేదు. అతనిని గూర్చి నిలిచియున్న సంగతులు మూడే: అతడు దేవునియందు భయభక్తులు గలవాడు, అతడు అప్పు మిగిల్చిపోయెను, భార్యను, ఇద్దరు కుమారులను విడిచిపోయెను. అతడు అహాబు గృహనిర్వాహకుడైన ఓబద్యాయని యూదుల చరిత్రకారుడైన యోసేపస్ వ్రాసెను. యెజెబెలు కత్తికి చిక్కకుండ దాగిన నూరుగురు ప్రవక్తలను పోషించుటకే ఆ అప్పు చేసెనని కూడ ఆయన చెప్పెను. లేఖనము మాత్రము ఆ పేరు చెప్పక అతనిని పేరులేని శిష్యునిగానే విడిచిపెట్టినది.

అయినను ఆ పేరులేని శిష్యుని మరణానంతరము జరిగిన దానికి పరిశుద్ధ గ్రంథములో ఏడు వచనములు కలవు. కలిసి నేర్చుకొని, కలిసి పనిచేసినవారిలో ఒకడు లేకపోయినప్పుడు మిగిలినవారు అతనిని ఎట్లు జ్ఞాపకము చేసికొనవలెనో ఆ ఏడు వచనములు బోధించుచున్నవి.

ఈ శిష్యులు బేతేలులోను, యెరికోలోను, గిల్గాలులోను గుంపులుగా నివసించిరి. ఒకే కుండలో వండుకొని తినిరి. స్థలము చాలనప్పుడు యొర్దాను ఒడ్డుకు పోయి మ్రానులు నరికి తమ నివాసమును తామే కట్టుకొనిరి. దేవుని మాట వినుటకును, విన్నదానిని వినిపించుటకును వారు నేర్చుకొనుచుండిరి. నేటి మాటలో చెప్పవలెనన్న వారు విద్యార్థులు.

అట్టి విద్యార్థుల గుంపులు ఈ కాలమందును కలవు. దేశ రాజధానియైన ఢిల్లీలో 1969 జూలై 21న ఆకాశవాణి 'యువవాణి' అను ప్రసారమును ప్రారంభించి యువతీయువకులను మైకు ఎదుట కూర్చుండబెట్టినది. 2002 డిసెంబరులో ప్రభుత్వము విద్యాసంస్థలకు స్వంత రేడియో కేంద్రములను అనుమతించిన తరువాత, 2006లో జామియా మిల్లియా ఇస్లామియాలోను, అటుపిమ్మట ఢిల్లీ విశ్వవిద్యాలయములోను చిన్న కేంద్రములు వెలసినవి. ఇట్టి కేంద్రముల ప్రసారశక్తి సాధారణముగా నూరు వాట్లు. పూర్వము ఇండ్లలో వెలిగిన పెద్ద బల్బు ఒకదాని పాటి శక్తి అది. దాని ధ్వని అయిదు మొదలుకొని పది కిలోమీటర్ల వరకే వినబడును. అందువలననే నగరమున దక్షిణ దిక్కుననున్న జామియాకును, ఉత్తర దిక్కుననున్న విశ్వవిద్యాలయమునకును 90.4 అను ఒకే సంఖ్య ఇయ్యబడినను ఒకదాని మాట మరియొకదానికి అడ్డు రాలేదు.

ఆ గదులు చిన్నవి. ఒకరు చదువుదురు, ఒకరు వ్రాసిపెట్టుదురు, మరియొకరు అద్దమునకు ఆవల కూర్చుండి మీటలు త్రిప్పుదురు. తెలుగు జిల్లాలనుండి పోయిన బిడ్డలును ఆ నగరపు విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. రెండు మూడేండ్లు కలిసి పనిచేయుదురు; కలిసి టీ త్రాగుదురు; ఒకరి తప్పు ఒకరు దిద్దుదురు. అట్టి గుంపులో ఒకరు మరణించినయెడల ఏమి జరుగును? 2021 ఏప్రిల్, మే మాసములలో ఢిల్లీ ఆసుపత్రులలో ప్రాణవాయువునకు కొరత కలిగిన దినములలో, ఆ నగరపు విశ్వవిద్యాలయములు అనేకమందిని పోగొట్టుకొనెను. వ్యాధియే కానక్కరలేదు, రాత్రివేళ రోడ్డు ప్రమాదము చాలును. మరునాడు గది తలుపు తీసినవారికి కుర్చీ వట్టిదై కనబడును, యంత్రములో మాత్రము ఆ కంఠము నిలిచియుండును. మీట నొక్కినచో చనిపోయినవాడు నవ్వును, శ్రోతలకు నమస్కారము చెప్పును, రేపు మరల కలిసికొందమని వాగ్దానము చేయును. ఈ శ్రమ పూర్వపు తరములవారు ఎరుగనిది.

అట్టి దినమున మిగిలినవారు ఏమి చేయవలెను?

1. వెదకినను దొరకనిది

ఆ శిష్యుల సమాజమునకు దుఃఖము క్రొత్తది కాదు. వారి పెద్దయైన ఏలీయా సుడిగాలిలో కొనిపోబడిన దినమున ఏబదిమంది బలవంతులు అతనిని వెదకబోయిరి. వద్దని ఎలీషా వారించినను, వారు అతడు సిగ్గుపడునంతగా బలవంతపెట్టిరి. కొండలలోను లోయలలోను మూడు దినములు వెదకి, కానక తిరిగి వచ్చిరి. వారిది ప్రేమయే. కాని ఆ ప్రేమ పోయినవానిని తిరిగి పట్టుకొనగోరినది. అందుచేత అది మూడు దినముల అలసటగా ముగిసెను.

యంత్రములోని కంఠమును మరల మరల వినుట కూడ ఇట్టి వెదకులాటయే. వినుట పాపము కాదు. ఏబదిమందిని ఎలీషా శపింపలేదు, వెళ్లనిచ్చెను. తిరిగి వచ్చినప్పుడు వెళ్లవద్దని చెప్పలేదా యని మాత్రము అడిగెను. దుఃఖించువానికి మూడు దినములు కావలెను. కొందరికి మూడు సంవత్సరములు కావలెను. అయితే ఆ కంఠములో అతడు లేడు. ఎలీషా యేమి చేసెను? తన వస్త్రమును రెండుగా చింపుకొనెను, అనగా నిండుగా దుఃఖించెను. తరువాత క్రిందపడిన దుప్పటిని ఎత్తుకొని యొర్దాను నీటిని కొట్టెను. ఆ సమయమున అతడు ఏలీయా ఎక్కడనని కేకవేయలేదు. ఏలీయా దేవుడైన యెహోవా ఎక్కడనున్నాడని అడిగెను. ఆ ప్రశ్నకు నీరు విడిపోయి ఉత్తరమిచ్చెను.

2. నీకు తెలియును

విధవరాలు ఎలీషాయొద్దకు వచ్చి పలికిన మొదటి సంగతి భర్త మరణము. రెండవది అతని భక్తి. ఆ రెండవ సంగతికి ఆమె ఎలీషానే సాక్షిగా పిలిచెను. అతడెట్టివాడో నీకే తెలియునని చెప్పెను. కలిసి పనిచేసినవాని జ్ఞాపకమునకు పునాది ఇదియే. ఊరివారికి అతని కీర్తి తెలియును, బంధువులకు అతని బాల్యము తెలియును. అతడు పనిలో ఎట్టివాడో జతపనివానికే తెలియును.

రేడియో కేంద్రమున ఈ సాక్ష్యమునకు ప్రత్యేకమైన అవసరము కలదు. ఏలయనగా అక్కడ చేయబడు పనిలో అధిక భాగము వినబడని పని. చదివినవాని పేరు శ్రోతలకు తెలియును. తంతులు సవరించినవాడు, దగ్గులను తప్పులను కోసివేసినవాడు, పరీక్ష దినమున ఒకరు రానప్పుడు మారు మాటాడక ఆ పని తనమీద వేసికొన్నవాడు శ్రోతలకు తెలియడు. పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రికను చేత పట్టిన చదువరులలో ఎందరికి తెర్తియు జ్ఞాపకమున్నాడు? ఆ పత్రికను పౌలు చెప్పగా వ్రాసిన చేయి అతనిదే. పదునారవ అధ్యాయమున ఒక్క వచనములో అతడు తన పేరు చెప్పి వందనములు తెలిపెను. పౌలు ఆ ఒక్క వాక్యమునకు చోటిచ్చెను. పెద్ద కంఠములవారు చిన్న చేతులవారికి ఇయ్యవలసిన చోటు అంతయే. దానిని ఇయ్యకపోవుట దొంగతనమే.

సాక్ష్యము సత్యమై యుండవలెను. సంస్మరణ సభలలో చనిపోయినవాడు ఒక్క గడియలో దోషములేనివాడగును. అతనితో జగడమాడినవారు సహితము అతడు ఎన్నడు కోపపడలేదని చెప్పుదురు. ప్రియ చదువరీ, అట్టి పొగడ్త ప్రేమవంటిదిగా కనబడును గాని, అది అతనిని రెండవసారి పాతిపెట్టును. నిజమైన మనుష్యుని మరుగుచేసి అతని స్థానమున ఒక బొమ్మను నిలుపును. విధవరాలు తన భర్తను గూర్చి చెప్పినది ఒక్క మాటయే. దానితోపాటు అప్పు సంగతి దాచలేదు. భక్తిగలవాడును అప్పు మిగిల్చిపోవచ్చును. ఆ రెండు సంగతులను ఒకే శ్వాసలో చెప్పుట ఆమె అతనికి చేసిన గౌరవము.

3. అప్పులవాడు వచ్చియున్నాడు

ఇక్కడ ధ్యానము కఠినమగుచున్నది. శిష్యుడు మరణించినప్పుడు అతని తోటివారు ఏడ్చిరనుటకు సందేహము లేదు. కాని అప్పులవాడు ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవ వచ్చినప్పుడు ఆ తోటివారు ఎక్కడనుండిరో లేఖనము చెప్పలేదు. విధవరాలు ఒంటరిగా ఎలీషాయొద్దకు రావలసివచ్చెను. సంస్మరణము చేసినవారు ఉండియుందురు. అప్పు ఎంతయని అడిగినవారు లేకుండిరి.

ఢిల్లీలో చదువుచు మరణించిన తెలుగు విద్యార్థి తల్లిదండ్రులను తలంచుకొనుడి. కబురు అందిన రాత్రియే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనో, విశాఖనుండి ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌లోనో బయలుదేరి న్యూఢిల్లీ స్టేషనులో దిగుదురు. భాష తెలియదు. ఆసుపత్రిలో కాగితముల మీద ఏమి వ్రాసియున్నదో తెలియక సంతకము చేయుదురు. పోలీసు ఠాణాలో ప్రశ్నలు హిందీలో వచ్చును. మరణ ధ్రువపత్రమునకు ఏ కార్యాలయమునకు పోవలెనో చెప్పువారుండరు. దేహముతో ఇల్లు చేరిన కొన్ని వారములకు బ్యాంకునుండి ఉత్తరము వచ్చును. విద్యా ఋణమునకు తండ్రియో తల్లియో సహఋణస్థులుగా సంతకము చేయుట సాధారణ నియమము. నాలుగు లక్షల రూపాయల వరకు ఆస్తి తాకట్టు అక్కరలేదని నియమమున్నను, ఋణము ఋణమే. చదివినవాడు పోయినను సంతకము మిగిలియుండును.

అట్టి సమయమున చేతిలో డబ్బులేని విద్యార్థులు ఏమి చేయగలరు? ఎలీషా కథలో పొరుగువారు చేసినది చూడుడి. వారు అప్పు తీర్చలేదు. వారివలన అట్టిది అడుగబడలేదు. వట్టి పాత్రలు ఎరువిచ్చిరి, అంతే. ప్రతి ఇంటిలోనుండు పాత్రలే అవి. అటువలెనే హిందీ తెలిసినవాడు ఆ తండ్రి ప్రక్కను నిలువబడి ఒక దినము అతనికి నోరు కాగలడు. ఒకడు ధ్రువపత్రముల కొరకు వరుసలో నిలువగలడు. మరియొకడు ఋణముతోపాటు జీవిత బీమా తీసికొనబడెనేమోయని బ్యాంకులో విచారింపగలడు; అట్టి బీమా యున్నచో అది అప్పును తీర్పగలదు, ఆ సంగతి తెలియక చెల్లించువారును కలరు. ఢిల్లీలో తెలుగులో ఆరాధన జరుపు సంఘములు కలవు. ఆ సంఘపు కుటుంబమొకటి ఆ తల్లికి రెండు రాత్రులు తలదాచుకొన చోటును, ఆమె భాషలో ఒక ప్రార్థనను ఇయ్యగలదు. ఇవి వట్టి పాత్రలే. నూనె పోయువాడు దేవుడు.

ఇంకొక అప్పు కలదు; అది బ్యాంకు పుస్తకములలో కనబడదు. చనిపోయినవానితో ఆడిన కఠినమైన మాట, చెప్పవలెననుకొని చెప్పని కృతజ్ఞత, అతడు వ్రాసిన దానిని తనదిగా చదివిన దినము. ఇవన్నియు అతని మరణముతో తీరని అప్పులుగా జతపనివాని హృదయములో నిలుచును. వాటిని చెల్లించుటకు అతడు లేడు. కాని దేవుడు ఉన్నాడు. అతని యింటివారును ఉన్నారు. మృతునికి ఈయవలసిన దానిని జీవించియున్నవారికి ఈయుట లేఖనము చూపిన మార్గము. యోనాతానునకు ఈయవలసిన దయను దావీదు కుంటివాడైన మెఫీబోషెతునకు ఇచ్చి, అతనిని తన బల్లయొద్ద కూర్చుండబెట్టలేదా?

4. నీ యింట ఏమి యున్నది?

విధవరాలి మొర వినిన ఎలీషా అడిగిన ప్రశ్న విచిత్రమైనది. ఏమి పోయినదని అతడు అడుగలేదు. ఇంట ఏమి మిగిలియున్నదని అడిగెను. ఆమె మొదట ఏమియు లేదనియే చెప్పెను. తరువాత ఆలోచించి, ఒక కుండ నూనె మాత్రము కలదనెను. దుఃఖము మొదట ఏమియు లేదనియే పలుకును. ఓపికతో అడిగినవానికి కుండ సంగతి చెప్పును.

కమ్యూనిటీ రేడియో కేంద్రములకు ప్రభుత్వము విధించిన షరతులలో ఒకటి గమనింపదగినది. ప్రసారము చేసిన ప్రతి కార్యక్రమమును మూడు మాసములు భద్రపరచవలెను. నియమము కోరునది అంతవరకే. మూడు మాసముల పిమ్మట చోటు చాలదని ఎవరైన ఒక కంఠమును తుడిచివేసినను నియమమునకు అభ్యంతరము లేదు. ఆ దినమునుండి జ్ఞాపకము ప్రేమమీదనే ఆధారపడును. కేంద్రమున చేరిన విద్యార్థులు వెళ్లిపోవుదురు. అయిదేండ్లకు ఆ గదిలో అతని పేరు తెలిసినవాడు ఒక్కడును ఉండడు. కావున జతపనివాని యింట మిగిలియున్న దానిని వెదకి తీయుట వెంటనే చేయవలసిన పని. అతడు సగము చేసి విడిచిన కార్యక్రమము ఏది? అతడు పలుకరించిన వృద్ధుని కథ ఎచ్చటనున్నది? అతడు క్రొత్తవారికి నేర్పిన పాఠము ఎవరియొద్ద కలదు?

రేడియో మాట గాలిలో పోవునది; చేసిన పని వేరొక రూపమున నిలుచును. దీనికి తెలుగువారిలోనే సాక్ష్యము కలదు. మదనపల్లెకు చెందిన జోలెపాళ్యం మంగమ్మగారు ఢిల్లీ ఆకాశవాణినుండి తెలుగు వార్తలు చదివిన మొదటి మహిళ. ఆ వార్తలు ఆ దినముతోనే ముగిసినవి. నిన్నటి వార్తను మరల వినగోరువాడు ఎవడు? అయినను ఆమె యింట మరియొక కుండ యుండెను. 1975లో వెలువడిన గ్రంథములో ఆమె భారతదేశపు ముద్రణ చరిత్రను, ముఖ్యముగా తెలుగు అచ్చునకు పాశ్చాత్య పండితులు చేసిన సేవను పరిశోధించి వ్రాసిరి. ఆ వృత్తాంతము 1746లో మొదలగును. ఆ కాలమున జర్మనీలోని హాలే పట్టణమున, మద్రాసులో పనిచేసి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ అను ప్రొటెస్టెంటు మిషనరీ తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. తెలుగు క్రైస్తవుల చేతిలోని ప్రతి అచ్చు పుస్తకమునకు పూర్వులైన ఆ పుస్తకముల సంగతి, వార్తలు చదివిన ఒక స్త్రీ ఓపికవలన మరుగుపడక నిలిచెను. 2017లో ఆమె కన్నుమూసిరి. ఆమె కంఠము మాత్రమే జ్ఞాపకమున్నవారు ఒక కుండను ఎరుగక పోయినవారు.

యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురునకు ఏమి చూపిరి? ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రములను చూపిరి. వారు ఉపన్యాసము చేయలేదు. ఆ కుట్లే మాటలాడెను.

5. తలుపు మూయుము

ఎలీషా ఆజ్ఞలో రేడియో పనివారు విశేషముగా ధ్యానింపవలసిన మాట ఒకటి కలదు. పాత్రలు తెచ్చుకొనిన పిమ్మట ఆమెయు కుమారులును లోపలికి పోయి తలుపు మూసికొనవలెను. పొరుగువారు పాత్రలిచ్చిరి గాని అద్భుతమును చూడలేదు. ఎలీషా సహితము ఆ గదిలో లేడు.

మైకు చేతనున్నవానికి ప్రతి దుఃఖమును ప్రసారము చేయవలెనని తోచును. తల్లి రోదనము వినిపించినచో శ్రోతల హృదయములు కరగును. కార్యక్రమము చక్కగా వచ్చెనని పదిమంది మెచ్చుకొందురు. అట్టి శోధన వచ్చినప్పుడు మీట కట్టివేయుటయే భక్తి. ఆ తల్లి కన్నీరు ఆమెది. అది ఎవరి కార్యక్రమమునకును సరకు కాదు. మూయబడిన తలుపునకు ఆవల దేవుడు తన పనిని సాక్షులు లేకుండ చేయును. యేసు ప్రభువు యాయీరు కుమార్తెను లేపినప్పుడును వాద్యగాండ్రను, గోలచేయు జనసమూహమును వెలుపలికి పంపివేసెను గదా.

6. వట్టి పాత్రలు, కొన్ని కాదు

నూనె ఎంతవరకు ప్రవహించెను? పాత్రలున్నంతవరకు. ఇంకొక పాత్ర తెమ్మని తల్లి అడిగినప్పుడు లేదని కుమారుడు చెప్పెను. అప్పుడే నూనె నిలిచెను. కుండలో కొరత లేదు, దేవునిలో కొరత లేదు, పాత్రలు చాలలేదు. పాత్రలు తెచ్చినవారు ఎవరో గమనించుడి. అప్పులవాడు దాసులుగా పట్టుకొనిపోవ వచ్చిన ఆ ఇద్దరు కుమారులే! చెరకు పోవలసిన చేతులు తండ్రి మిగిల్చిన దానిని నింపు చేతులాయెను.

1995 ఫిబ్రవరి 9న ఢిల్లీలోని సుప్రీంకోర్టు, గాలిలోని తరంగములు ప్రజల ఆస్తియని తీర్పిచ్చినది. ఆ తీర్పు చెప్పిన ముగ్గురు న్యాయమూర్తులలో తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డిగారు ఒకరు. కాని ఆస్తి హక్కు కాగితముమీద దొరకినను, నోరులేనివారికి మైకు అందించుటకు మనుష్యులు కావలెను. ఢిల్లీలోని భారతీయ జనసంచార సంస్థలో చదివి, దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి.సతీశ్‌గారు మెదకు ప్రాంతపు పల్లెలకు వచ్చి దళిత స్త్రీల సంఘములతో పనిచేసిరి. జహీరాబాదు సమీపమున మాచునూరు గ్రామములో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారము ఆరంభించెను. అక్షరము రాని స్త్రీలు, కూలిపనికి పోవు స్త్రీలు తమ విత్తనములను గూర్చి, పాటలను గూర్చి, పండుగలను గూర్చి తమ మాటలోనే మాటలాడిరి. దాని సంఖ్యయు 90.4. 2023 మార్చి 19న సతీశ్‌గారు మరణించిరి. రాజధానిలో విద్య నేర్చినవాడు ఆ విద్యను తన కంఠమునకే దాచుకొనక, ఎన్నడును మైకు చూడని కంఠములలో పోసిపోయెను. ఒక్క కుండ అనేక పాత్రలాయెను. లోకములో జరిగిన ఇట్టి కార్యమునుండియు దేవుని బిడ్డలు నేర్చుకొనదగినది కలదు.

అట్లయిన, ఢిల్లీలోని విద్యార్థి కేంద్రమున జతపనివాని కుర్చీ వట్టిదైనప్పుడు ఆ కుర్చీని ఏమి చేయవలెను? పూలమాల వేసి దానిని ఎవరును కూర్చుండరాని స్థలముగా చేయుట ఒక మార్గము. అది చూచుటకు గౌరవముగానే యుండును. కాని నూనె నిలిచిపోవును. ప్రసారము చేరు ఆ అయిదు పది కిలోమీటర్లలో వట్టి పాత్రలు ఎన్నియో కలవు: రాత్రియంతయు గేటుయొద్ద మెలకువగానుండు కావలివాడు, మెస్సులో రొట్టెలు చేయు స్త్రీ, సైకిలు రిక్షా త్రొక్కు బీహారువాడు, మొదటి సంవత్సరమున చేరి భాష రాక బిడియపడుచున్న పల్లెటూరి పిల్ల. చనిపోయినవాడు నేర్చినదానిని ఆ పిల్లకు నేర్పి, ఆ కుర్చీలో ఆమెను కూర్చుండబెట్టినచో అతని జ్ఞాపకమునకు అవమానము కాదు. అదియే అతని నూనె మరియొక పాత్రలో పడుచున్న ధ్వని.

ముగింపు

నూనె అమ్మి అప్పు తీర్చుమనియు, మిగిలినదానితో నీవును నీ కుమారులును బ్రతుకుడనియు ఎలీషా చెప్పెను. దైవజనుని చివరి మాట బ్రతుకుటను గూర్చినది. చనిపోయినవానికి ఋణపడినవారు తమ ఋణమును తీర్చి, తరువాత బ్రతుకవలెను. దుఃఖములోనే నిలిచిపోవుట భక్తి కాదు. త్వరగా మరచిపోవుటయు ధైర్యము కాదు.

అయినను ఎలీషా ఒక పనిని చేయలేదు. శిష్యుని అప్పు తీర్చెను గాని శిష్యుని తిరిగి తేలేదు. ఆ యింట ఆ సాయంకాలము అన్నము వండబడియుండును. వడ్డన చేసినప్పుడు ఒక ఆకు తక్కువ పడియుండును. ఆ వెలితిని నింపు నూనె ఏ కుండలోను లేదు. ఇక్కడ పాత నిబంధన మౌనము వహించి, రాబోవువానివైపు చేయి చూపుచున్నది. బేతనియలో ఒక సమాధియొద్ద ఆయన నిలిచెను. స్నేహితుని కొరకు కన్నీరు విడిచెను. తరువాత అతనిని పేరుపెట్టి పిలిచెను. నాలుగు దినములు మౌనముగానున్నవాడు ఆ పిలుపు వినెను. సమాధులలోనున్న వారందరు తన శబ్దమును విను కాలము వచ్చునని ఆయనయే వాగ్దానము చేసియున్నాడు (యోహాను 5:28).

విద్యార్థి కేంద్రపు నూరు వాట్ల ధ్వని పది కిలోమీటర్లకు మించి పోజాలదు. యంత్రములో దాచబడిన కంఠము మాటలాడును గాని, పిలిచినచో వినదు. ప్రభువు స్వరమునకు మాత్రము అట్టి ఎల్ల లేదు. ఆయన పిలుచు దినమున, చదివినవాడును మీట త్రిప్పినవాడును, పేరున్నవాడును పేరులేని శిష్యుడును, తమ తమ పేరులతో పిలువబడుదురు. అంతవరకు జతపనివారికి నియమింపబడిన పని ఒకటే: సత్యముగా సాక్ష్యమిచ్చుట, అప్పు తీర్చుట, ఇంట మిగిలిన కుండను వెదకుట, వట్టి పాత్రలు తెచ్చుట.

తోటివారిని పోగొట్టుకొని వట్టి కుర్చీ ఎదుట నిలిచియున్న ప్రతి యౌవనునికి, దూర నగరమునుండి బిడ్డ దేహమును ఇంటికి తెచ్చుకొన్న ప్రతి తల్లికి, తండ్రికి, సమస్తమైన ఆదరణనిచ్చు దేవుడు తోడైయుండును గాక. ఆమేన్.